ఫ్యాను తిరగలేదని కిటికీ మూస్తారా?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. బీఎస్సీలో భౌతికశాస్త్రం చదివి, మా పక్క ఊరు కోటలో ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పుకుంటూ, నెలకోసారి నెల్లూరు వెళ్లి హేతువాదుల చర్చావేదిక మీద బల్ల గుద్ది మాట్లాడి వచ్చేవాణ్ణి. జాతకాలు, దిష్టి, తేలుమంత్రం, బల్లిపాటు, అన్నిటి మీదా నా దగ్గర తీర్పు సిద్ధంగా ఉండేది. బల్ల గుద్దడంలో నాకు కొంత పేరు కూడా వచ్చింది (ఒకసారి బల్ల నిజంగానే విరిగింది, అది ముందే పుచ్చిపోయి ఉందని నా వాదన, కాదని నిర్వాహకుల వాదన). లోకంలోని అజ్ఞానమంతా నేను కళ్లు తెరిపించడం కోసమే కాచుకుని కూర్చుందని గట్టిగా నమ్మేవాణ్ణి. అది కూడా ఒక మూఢనమ్మకమేనని అప్పట్లో నాకు చెప్పినవాళ్లు లేరు. చెప్పినా వినే తీరిక నాకు లేదు.

అలాంటి సమయంలో మా నడవలోని ఫ్యాను మందగించింది. మా ఊరు కోటకు తూర్పున, రొయ్యల గుంటల మధ్య ఉంటుంది. ఎండాకాలం ఉప్పుగాలిలో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఫ్యాను మొదట కొన్నాళ్లు బద్ధకంగా తిరిగింది. తరువాత స్విచ్చి వేస్తే మూలుగుతూ ఉన్నచోటే ఉండిపోయేది. అప్పుడు మా అమ్మ బూజుకర్ర తెచ్చి రెక్కను ఒక్క తోపు తోసేది. ఫ్యాను ఈడ్చుకుంటూ తిరగడం మొదలుపెట్టేది. నాకు అది చూస్తే ఒళ్లు మండేది. కాకి వాలడం, తాటిపండు రాలడం అనే న్యాయాన్ని అమ్మకు రెండుసార్లు విడమరిచి చెప్పాను. కర్రతో తోసినందువల్ల ఫ్యాను తిరిగిందనుకోవడమే మంత్రాలకు, తాయెత్తులకు పుట్టుక అన్నాను. అమ్మ ఊఁ కొట్టి, బూజుకర్ర మూలన పెట్టి, లోపలికి వెళ్లి పులుసు సంగతి చూసుకుంది.

మా నాన్న మెకానిక్కును పిలవలేదు. వాస్తు చెప్పే ఒకాయనను పిలిచాడు. నడుముకు ఎప్పుడూ ఇనప టేపు తగిలించుకుని తిరుగుతాడని ఊళ్లో ఆయనను టేపు స్వామి అనేవారు. ఆయన నడవ కొలిచాడు, గడపలు కొలిచాడు, వంటింట్లోకి వెళ్లి పొయ్యికీ కిటికీకీ మధ్య దూరం కొలిచాడు. పాడైన ఫ్యాను వైపు మాత్రం ఒక్కసారి తలెత్తి చూడలేదు. (ఇన్నేళ్లయినా ఈ వాక్యం రాసేటప్పుడు కలం గట్టిగా నొక్కుకుంటోంది.) చివరికి వంటింటి దక్షిణపు కిటికీ ముందు ఆగి, దోషం ఇక్కడుందన్నాడు.

“వాయువు ఈ కిటికీలో దూరి నేరుగా అగ్నిలో పడతా ఉండాది పెద్దాయనా. ఇంటికి రావాల్సిన గాలంతా పొయ్యే తాగేస్తా ఉంటే, ఇంక నడవలో ఫ్యానుకేం మిగల్తాది?”

మా నాన్న అవునవునన్నట్టు తల ఊపాడు. సోమవారం మేస్త్రీ వచ్చి కిటికీ మూసేసేటట్టు మాట్లాడుకున్నారు. మర్నాటికే ఇటుకలు వచ్చి కిటికీ కింద దిగాయి. ఆ కిటికీ ఏమిటో చెప్పాలి. మా వంటింటికి అది ఒక్కటే. ఎండాకాలపు దక్షిణపు గాలి దానిలోంచే వచ్చేది. మిరపకాయల ఘాటు దానిలోంచే పోయేది. అందులోంచే అమ్మ పక్కింటి పిన్నితో మాట్లాడేది, కూర గిన్నె అందించేది, రోజుకు నాలుగు మాటలు నవ్వేది. అది మూసేస్తే ఇక ఆమె ఉండేది గదిలో కాదు, పొయ్యిలోనే. ఒక మోసగాడి నోటిమాటకు ఒక మనిషి ఊపిరి మీద ఇటుకలు పేరుస్తారా అని నేను ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాను. నాన్న అంతా విని, ఒక షరతు పెట్టాడు. ఆదివారం లోపల ఫ్యాను తిప్పి చూపిస్తే కిటికీ జోలికి రారు. చూపించలేకపోతే సోమవారం నేను నోరు మూసుకుని మేస్త్రీకి ఇటుకలు అందించాలి.

నా సిద్ధాంతం ఘర్షణ. పుస్తకంలో ఘర్షణకు ఒక అధ్యాయమే ఉంది కాబట్టి మా ఫ్యానుకు వచ్చిన జబ్బు కూడా అదే అయి తీరాలి. ఫ్యాను దించి, మంచం మీద పడుకోబెట్టి, ఊడదీయగలిగినదంతా ఊడదీశాను. రెక్కలు సబ్బునీళ్లతో కడిగాను. బేరింగుల్లో కుట్టుమిషను నూనె పోశాను. అది పీల్చుకుంటున్నట్టు కనిపించేసరికి ముచ్చటపడి మళ్లీ పోశాను. బిగించాక ఒక మరమేకు మిగిలింది. తయారుచేసినవాళ్లు ఒకటి అదనంగా పెట్టి ఉంటారని తీర్మానించాను. ఈ మూడు రోజులూ అమ్మ గుమ్మంలోంచి రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపి, బేరింగు గురించి వివరించాను.

ఆదివారం పొద్దున నడవలో జనం పోగయ్యారు. నాన్న పిలిపించిన టేపు స్వామి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, సరిగ్గా ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. పక్కింటి పిన్ని కూర మానుకుని వచ్చింది. నేను ఘర్షణ మీద పావుగంట మాట్లాడాను. మధ్యలో వేదికల మీద అలవాటైన ఊపులో మా అన్నం బల్ల మీద కూడా ఒక దెబ్బ వేశాను. ఆ తరువాత స్విచ్చి వేశాను.

ఫ్యాను మూలిగింది. రెక్క కదల్లేదు. పైనుంచి నూనె చుక్క ఒకటి తీరిగ్గా జారి స్వామి భుజం మీద పడింది. ఆయన వేలితో తుడిచి వాసన చూశాడు.

“పాపం, నీ ఉపన్యాసానికి ఫ్యానుకి గూడా చెమట పట్టినట్టుండాది అబ్బయా.”

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. రేపు పొద్దున్నే లేవమని నాన్న నాతో అన్నాడు. ఇంటికి వచ్చినవాళ్లు ఉక్కపోతలో కూర్చున్నారని అమ్మ అలవాటు ప్రకారం బూజుకర్ర తెచ్చి రెక్కను తోసింది. ఫ్యాను తిరిగింది. ఆ క్షణంలో నా కోపం స్వామి మీద నుంచి అమ్మ మీదకు మళ్లింది. శత్రువుల ముందర ఈ మూఢాచారం ఏమిటని కేకలేశాను.

రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే యంత్రాల మోటార్లు బాగుచేసే ఒకాయన అప్పుడే నాన్నతో ఏదో పని ఉండి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఊళ్లో మేమందరం మోటార్లన్న అనేవాళ్లం. ఆయన నన్నూ స్వామినీ దాటి నేరుగా అమ్మ దగ్గరికి వచ్చాడు.

“తోస్తేనే అందుకుంటా ఉండాదా అక్కా?”

“ఆఁ, నెలయింది. తోయకపోతే మూలగతా ఉంటాది.”

“అవతలి వైపుకు ఎప్పుడన్నా తోసినావా?”

“ఒకసారి తోసినా చూద్దామని. అటే తిరిగింది, గాలి మాత్రం పైకి పోయింది. ఎటు తోస్తే అటే తిరగతాది నాయనా.”

మోటార్లన్న నవ్వాడు. “ఇంకేముంది. కండెన్సర్ పోయింది. మొదటి తోపు ఇచ్చేది అదే. నెల్నాళ్లుగా దాని పని నువ్వు చేస్తా ఉండావు.”

గంటలో ఆయన కోటకు పోయి వచ్చాడు. అగ్గిపెట్టెంత వస్తువు ఒకటి పాతదాని చోట బిగించి, నేను మిగిల్చిన మరమేకును కూడా దాని స్థానంలో పెట్టి స్విచ్చి వేశాడు. గోడమీద క్యాలెండరు ఎగిరెగిరి కొట్టుకుంది. నేను విజయగర్వంతో స్వామి వైపు తిరిగాను. ఆయన అప్పటికే నాన్నకు చెబుతున్నాడు. కిటికీ మూయాలన్న సంకల్పం కలిగి, ఇటుకలు దిగగానే దోషం సగం తొలగిందట. ఆ బలం చేతనే సరైన మనిషి సరైన వేళకు గుమ్మంలోకి వచ్చాడట. ఇక మూయకపోయినా ఫరవాలేదట. నాన్న ఆయనకు తాంబూలం ఇచ్చి పంపాడు. మోటార్లన్నకు మంచినీళ్లు ఇచ్చారు. ఇంతకు మించిన అన్యాయం ఈ దేశంలో జరగలేదని నేను అనను. ఇదే రోజూ ప్రతి ఊళ్లో జరుగుతోందని మాత్రం అంటాను.

సరే, కిటికీ దక్కింది. ఆ మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్లి, అంత సంగతి తెలిసి నాకెందుకు చెప్పలేదని అమ్మను నిలదీశాను. అమ్మ చేప ముక్కలు కడుగుతూ తల ఎత్తకుండానే అంది.

“నన్నెవరు అడిగినారు అబ్బయా? మీ నాయన స్వామిని అడిగినాడు. నువ్వు పుస్తకాన్ని అడిగినావు.”

నేను ఆ వారమే మా చర్చావేదిక నడిపే చిన్న పత్రికకు ఒక వ్యాసం రాశాను. వాస్తు పేరుతో జరిగే దగాను అందులో చీల్చి చెండాడాను. ఫ్యాను లోపాన్ని ‘ప్రయోగపూర్వకంగా నేను నిర్ధారించిన పిమ్మట’ అని ఒక వాక్యం కూడా వేశాను. అచ్చయిన ప్రతిని అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. బాగుందంది. పత్రిక మడుస్తూ, “ఇందులో నేను యాడుండానో కనపడలా” అంది. అచ్చుతప్పుల్లో పోయి ఉంటావన్నాను. హాస్యం అనుకున్నాను. ఆమె కూడా నవ్వింది.

ఆ పత్రిక ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి సవరణ ఇక్కడ వేస్తున్నాను. ‘నేను నిర్ధారించిన పిమ్మట’ అన్నచోట ‘మా అమ్మ నిర్ధారిస్తూ ఉండగా నేను కేకలు వేసిన పిమ్మట’ అని చదువుకోవాలి. వాస్తు గురించి రాసినదానిలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. ఇక ఆ కేకలు వేసిన కుర్రవాడి సంగతి. ఇప్పుడు నేను సభల్లో ఆగి, ఆలోచించి, అవతలివాళ్లను అడిగి మరీ మాట్లాడుతున్నాను. బల్ల గుద్దడం పూర్తిగా మానేశాను. అయినా అంత తప్పులో ఉండి అంత గట్టిగా మాట్లాడగలిగిన వాణ్ణి తలుచుకున్నప్పుడు, తిట్టాలని నోరు తెరిచి, ఎందుకో కొంచెం ముద్దు చేసి ఊరుకుంటాను.