ఇంజన్‌లో గరిటె

పాత కార్ల మెకానిక్కు ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. అరవై రెండేళ్లు వచ్చాయి. ఎవరి కారుకేం తెగులో దాచడం చేతకాదు. తన సంగతి ఒక్కటి మాత్రం నలభై ఏళ్లుగా కడుపులో దాచుకున్నాడు. అది ఒక మంగళవారం పొద్దున్నే, తాడు కట్టి లాక్కొచ్చిన ఆకుపచ్చ కారులో కూర్చుని షెడ్డుకొచ్చింది.

కారు రిటైరైన టీచరమ్మది. వాళ్ల నాన్న కొత్తగా కొన్నది. పాత కార్ల ప్రదర్శనలో ఒక్కసారి నిలబెట్టాలని ఆవిడ ఆశ. కారుతో పుట్టిన ఇంజనే ఉంటే తప్ప అక్కడ లోపలికి రానివ్వరు. ఇంజన్ మీద కొట్టిన నంబరునేమో తుప్పు తినేసింది. గీకి, సుద్ద పూసి, కళ్లద్దాలు మార్చి చూసినా రెండు సున్నాలు తప్ప ఏమీ తేలలేదు.

దారి చూపింది మెకానిక్కు బావమరిదే. వాళ్లిద్దరికీ పని నేర్పిన గురువుగారి పాత పుస్తకాన్ని అటక మీంచి దించాడు. కారు కొత్తలో రాసిన పేజీ దొరికింది. అందులోని ఇంజన్ నంబరు కారు కాగితాల్లో ఉన్నదే. కింద, "ఇంజన్‌కు డైనమో బిగించే చెవి విరిగింది. ఇత్తడితో అతికించడమైనది" అని రాసి, పక్కన బావమరిది పేరు. ఆ అతుకు ఈ ఇంజన్‌కుంటే ఇదే అసలుదన్నమాట.

"నా చేతి పనే!" అని బావమరిది ఛాతీ విరుచుకున్నాడు.

నిజానికి డైనమో బోల్టును అతిగా బిగించి చెవి విరగ్గొట్టింది మెకానిక్కు. "ఎవడ్రా?" అని గురువుగారు గర్జిస్తే, సామాను కోసం బజారుకెళ్లిన స్నేహితుడి పేరు చెప్పేశాడు. పాపం, ఆ స్నేహితుడు ఆర్నెల్లు టైర్లకు గాలి కొట్టాడు. మెకానిక్కు తర్వాత వాడి అక్కనే పెళ్లి చేసుకున్నాడు. ఏళ్లు గడిచినా, వాడి పేరు మీదే పడ్డ ఆ అతుకు ఊడకపోయేసరికి గురువుగారే మెచ్చుకోసాగారు. ఆ రోజు నుంచి బావమరిది కాదనడం మానేశాడు.

ప్రదర్శన వాళ్లు పంపిన పరీక్షకుడు డైనమో మీద చెయ్యేసి, "ఇత్తడి అతుకు ఏ ఇంజన్‌కైనా ఉండొచ్చు. విప్పకముందే చెప్పండి, లోపల ఎలా ఉంటుంది?" అన్నాడు.

"అద్దంలా నున్నగా ఉంటుందండీ," అన్నాడు బావమరిది.

పరీక్షకుడు అదే రాసుకున్నాడు. టీచరమ్మ చేతిసంచీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. మెకానిక్కు గొంతు సవరించుకున్నాడు.

"నున్నగా ఉండదండీ. పువ్వు నగిషీ ఉంటుంది. అది... గురువుగారింటి గరిటె కాడ. గోడకు తగిలించే చిల్లు బోల్టుకు సరిపోయిందని కోసి అతికించాను. విరగ్గొట్టిందీ నేనే."

విప్పారు. మసి తుడిస్తే ఎనిమిది రేకుల పువ్వు, దాని నడుమ చిల్లు.

టీచరమ్మ నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. పరీక్షకుడు "అసలు ఇంజనే" అని రాసి, సాక్షి సంతకానికి కాగితం బావమరిది ముందుకు జరిపాడు.

"అంటే అది నా పని కాదా?" అన్నాడు బావమరిది నీరసంగా.

"మొదట్లో నువ్వు కాదనే చెప్పావు కదరా!"

"మొదట్లో తిట్లు కదా బావా. పొగడ్తలు తర్వాతేగా మొదలయ్యాయి."

సంతకం సగంలో వాడి కలం ఆగింది.

"ఆ గరిటె పోయినప్పుడేగా గురువుగారింటి అమ్మగారు ఏడాదిపాటు నన్ను వంటింటి వైపు రానివ్వలేదు?"

"ఊఁ."

"నా పేరు మీద ఇంకేమైనా ఉన్నాయా బావా?"

మెకానిక్కు పుస్తకం మూసి, నిచ్చెనెక్కి, ఈసారి తనే అటక మీద పెట్టాడు. బాగా లోపలికి.