పాలక్క నుదుటి మీది తామర

వీధికంతటికీ పాలు పోసే పాలక్క పితికేటప్పుడు ఆవు డొక్కకు నుదురు ఆనించి కళ్ళు మూసుకుంటుంది. చేతులు రెండూ పొదుగు దగ్గరుంటే, ఆవు కాలు విసిరేదీ లేనిదీ ఆమెకు నుదురే చెప్పాలి. అందుకే ఆవు డొక్క మీద వెంట్రుకలు రాలి గుండ్రంగా తామర లేచిన కొద్ది రోజులకే, అచ్చం అలాంటి మచ్చే ఆమె నుదుటి మీదా లేచింది. పశువుల డాక్టరు ఇద్దరినీ చూసి, "ఇది అటూ ఇటూ అంటుకునే జబ్బు. ఆవుకు మందు నేనిస్తాను, మీ అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళు," అని కొడుకుతో చెప్పాడు. కొడుకు ఆవుకు పూటపూటా తానే మందు రాశాడు. తల్లి అడిగితే మాత్రం, "కాస్త తీరిక దొరకనీవమ్మా! ప్రాణం పోయే రోగమా ఏమన్నా?" అన్నాడు. ఆమె కొంగు నుదుటి మీదికి లాక్కుని, గోక్కుంటూనే పాలు పితికింది.

ఆవుకు తామర తగ్గి ఒళ్ళు నున్నబడింది. నెల తిరక్కుండానే మళ్ళీ అదే చోట మచ్చ లేచింది. "బంగారంలాంటి ఆవుకు మళ్ళీ అంటించావు కదమ్మా!" అని కొడుకు పాక అదిరేలా అరిచి, ఆ సాయంత్రమే ఆయింట్‌మెంటు తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు.

మర్నాడు పాలకు వచ్చిన పక్కింటావిడ అడగకుండా ఉంటుందా? "మొత్తానికి మందు తెచ్చాడే నీ కొడుకు!" అంది.

"తెచ్చాడు వదినా," అంది పాలక్క, నుదుటికి మందు అద్దుకుంటూ. "ఆవుకు మళ్ళీ రాబట్టి సరిపోయింది. దానికి అంతటితో తగ్గిపోయి ఉంటే నా మొహం ఎవరు చూసేవాళ్ళు?"