గడువుకు తిరిగొచ్చిన పుస్తకం

1974లో గవర్నర్‌పేటలో మాకు అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. ఎవరు ఏ పుస్తకం ఏ తేదీన తీసుకున్నారో, ఎప్పుడు తెచ్చిచ్చారో రిజిస్టరులో నేనే రాసేదాన్ని. తిరిగొచ్చిన పుస్తకం ఎదుట ఎర్ర సిరాతో గీత కొట్టేదాన్ని. గడువు మూడు రోజులు. నాలుగో రోజు తెస్తే ఎంతటివారినైనా నాలుగు మాటలు అనందే ఊరుకునేదాన్ని కాదు.

కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చి మా పక్క బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పిల్ల ఒకతె ఉండేది. పద్దెనిమిదేళ్లు. డిటెక్టివ్ నవల తప్ప మరొకటి ముట్టేది కాదు. ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి అమ్మే ముఠాల కథలంటే మరీ ఇష్టం. వాటిలో దొంగ ఎప్పుడూ ఒక్కలాగే ఉండేవాడు: నల్ల కళ్లద్దాలు, చెంప మీద గాటు, వీధి మలుపులో కారు, జేబులో మత్తుమందు రుమాలు.

"నన్నెవడూ ఎత్తుకుపోలేడండీ. నల్లద్దాలోడు కనపడితే చాలు, బెంజి సర్కిల్ దాకా ఒకటే పరుగు," అనేది.

"ముందు పుస్తకం టైముకి తే. తర్వాత పరిగెత్తుదువుగాని," అనేదాన్ని.

ఆ శ్రావణంలో ఒక గురువారం, ఆ పిల్ల తీసుకెళ్లిన నవలను నలభై అయిదేళ్ల ఒకావిడ తెచ్చిచ్చింది. నేత చీర, నుదుట కుంకుమ, తలలో కనకాంబరాలు.

"మా అక్క కూతురేనండీ. హైదరాబాదులో కుట్టుపని కుదిర్చాను, బండి టైమైపోతోంది. ఒకళ్ల వస్తువు ఉంచుకుని ఊరు దాటకూడదు కదండీ."

సరిగ్గా మూడో రోజు. నాకెంత ముచ్చటేసిందో! పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని ఎర్ర గీత కొట్టాను. "మీలాంటివాళ్లు నలుగురుంటే నాకీ గొంతు చించుకోవడం తప్పును," అన్నాను. పిల్ల ఎక్కడుందని అడగలేదు.

సోమవారం పిల్లను వెతుక్కుంటూ తల్లి వచ్చింది. నేతవారి ఇంట నూలు చుట్టే మనిషి, చదువు రాదు. ఆమెకు అక్కచెల్లెళ్లే లేరు.

రిజిస్టరు పట్టుకుని ఆమె వెంట పోలీసు స్టేషనుకు వెళ్లాను. "ఆడమనిషి వెంటే వెళ్లిందంటున్నారుగా, ఇంకేంటమ్మా భయం?" అన్నారు. అక్కణ్ణుంచి పత్రికాఫీసుకు వెళ్లాం. విలేకరి కలం మూత తీశాడు.

"కారేదైనా చూశారాండీ? వాడెలా ఉంటాడు?"

"వాడు కాదు బాబూ, ఆవిడ. మర్యాదస్తురాలిలా ఉంది. రైలుకి తీసుకెళ్లింది."

కలం మూత పెట్టేశాడు. మర్నాడు లోపలి పేజీలో నాలుగు వరుసలు పడ్డాయి: యువతి అదృశ్యం, ప్రేమ వ్యవహారమని అనుమానం. నేను చెప్పిన ఆవిడ అందులో ఎక్కడా లేదు.

తర్వాత తల్లి ప్రతి సోమవారం వచ్చేది. ఒకనాడు, పిల్ల చివరిసారి చదివిన పుస్తకం చదివి వినిపించమంది. రెండు సోమవారాలు చదివాను. మొత్తం 144 పేజీలు. 139వ పేజీలో డిటెక్టివ్ గోడౌను తాళం పగలగొట్టి ఆ కథలోని అమ్మాయిని బయటికి తెస్తాడు.

"ఆ గోడౌను ఏ ఊళ్లో ఉందమ్మా? బస్సు పోద్దా?" అంది.

"అది కథమ్మా."

"కథైతే మాత్రం, ఊరుంటదిగా. ఇంకోసారి చదువు తల్లీ, ఎక్కడో రాసే ఉంటారు."

ఊరి పేరు అందులో లేదని నాకు తెలుసు. 139వ పేజీ తీసి మళ్లీ చదివాను.