వేరేది అడుగమ్మా

ప్రశ్నల మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఫోన్ చేసింది మేడం దగ్గర పనిచేసే అమ్మాయి. గుండెపోటట, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. పిల్లలు ఎక్కం ఆపేసి నా ముఖంలోకి చూస్తుంటే కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. కానీ ఏడ్చి ఊరుకుంటే ఆమె గురించి సగమే చెప్పినట్టవుతుంది. సగం చెప్పి ఊరుకోవడం మేడం పని, నాది కాదు.

అమ్మానాన్నలు లేని పిల్లలను కొన్నాళ్లు హోంలో ఉంచి, తర్వాత సాకడానికి ముందుకొచ్చిన కుటుంబాలకు అప్పగిస్తారు. ఫోస్టర్ కేర్ అంటారు. అట్లా వెళ్లిన పిల్లలు ఎట్లా పెరుగుతున్నారు, పద్దెనిమిది నిండాక ఏమైపోతున్నారు అన్నదాని మీద మేడం పరిశోధన. అందుకోసం ఏటా ఒకసారి మా ఇళ్లకు వచ్చి ప్రశ్నలు అడిగేవారు. నేను ఆ పిల్లల్లో ఒకదాన్ని. నన్ను సాకినామెను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఉప్పుగూడ స్టేషన్ వెనక, పెద్దమ్మ ఇంట్లో, మేడం వస్తారంటే కుర్చీ తుడిచి పెట్టేవాళ్లం. ఆమె ఆ కుర్చీని పక్కకు జరిపి, మోకాళ్లు పట్టుకొని మూలుగుతూ నా ఎదురుగా చాప మీదే కూర్చునేవారు. పెద్దమ్మ ఇచ్చిన చాయ్ అడుగు దాకా తాగి, బాగుందని చెప్పేవారు.

ఎప్పుడొచ్చినా వట్టి చేతులే. పెద్దమ్మకు అది మింగుడుపడేది కాదు. మేడం సందు మలుపు తిరగగానే మొదలుపెట్టేది. "ఏంది గీమె, గంత సదువుకుంది, పిల్ల కాడికొస్తూ ఒక్క బిస్కెట్ పుడ గూడ తేదు."

ఒకసారి నేను ఉండబట్టలేక మేడంనే అడిగేశాను. ఆమె నవ్వారు.

"బిస్కెట్ ఇస్తే నువ్వు నాకు నచ్చే జవాబులు చెప్తావమ్మా. నాకు నీ జవాబులు కావాలి."

కోస్తా మాట ఆమెది. మెల్లగా, ఎక్కడికీ తొందర లేనట్టు మాట్లాడేవారు.

ప్రశ్నలన్నీ అయ్యాక పెన్నుకు మూత పెట్టేవారు. ఆ టక్కుమన్న చప్పుడు కోసం నేను కాచుకొని ఉండేదాన్ని. "ఇందాకట్నుంచి నేనే అడిగాను. ఇప్పుడు నువ్వు నన్నొకటి అడుగు" అనేవారు. అప్పటిదాకా నన్ను అడిగినవాళ్లే గానీ, అడగమన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మొదటిసారే అడిగాను. "మా చెల్లె ఏడుంది మేడం?"

మా అమ్మ ఉస్మాన్‌గంజ్‌లో ఒక గోదాంలో మిరపకాయల తొడిమలు తీసేది. చెల్లె, నేను బస్తాల మధ్య ఆడుకునేవాళ్లం. చెల్లె కళ్లలో కారం పడితే నేను రెప్పలు విప్పి పట్టుకొని ఊదేదాన్ని. అమ్మ పోయాక ఇద్దర్నీ హోంకు తెచ్చారు. చెల్లె చిన్నది, ముద్దుగా ఉండేది, దాన్నే ముందు ఎవరో తీసుకెళ్లారు. నేను బడి నుంచి వచ్చేసరికి దాని పక్క చుట్టి పెట్టి ఉంది. ఇదంతా, కారం ఊదడంతో సహా, మేడంకు చెప్పాను. ఆమె రాసుకున్నారు.

"వేరేది అడుగమ్మా" అన్నారు.

పాపం, తెలియదేమో అనుకున్నాను. మరుసటేడు మళ్లీ అదే అడిగాను, మళ్లీ అదే మాట. ఇక వేరేవి అడిగేదాన్ని. మీకు పిల్లలున్నరా అంటే, "ఒకబ్బాయి. నా ప్రశ్న ఒక్కదానికీ జవాబు చెప్పడు" అన్నారు. మీరు అబద్ధాలు చెప్తరా అంటే, "చెప్పను. చెప్పకూడనిది ఉంటే ఊరుకుంటాను, అంతే" అన్నారు. ఎంత మంచి మనిషి అని మురిసిపోయాను.

ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి స్టేషన్‌లో కూర్చునేదాన్ని. లోకల్ రైలు ఆగగానే ఆడవాళ్ల పెట్టె దగ్గరికి ఉరికి, చెల్లె ఈడు పిల్లల ముఖాలు చూసేదాన్ని. ఆ సంగతి మేడం ఒక్కరికే చెప్పాను. పెద్దమ్మకు తెలిస్తే నన్ను తిరిగి హోంలో దింపుతుందని భయం. మేడం నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంటికి మోయను. ఈ చాప కూడా దాటనివ్వను" అన్నారు. దాటనివ్వలేదు. పెద్దమ్మకు ఇది చదివితేనే తెలియాలి. చెప్పుకోవడానికి ఒక మనిషి ఉందన్న ధైర్యంతోనే చదువుకున్నాను, టీచర్నయ్యాను. ఆ మేలు కాదంటే కళ్లు పోతాయి.

నా పెళ్లికీ వచ్చారు. అక్షింతలు వేస్తుంటే ఆమె చెవిలో అన్నాను. "మా చెల్లె ఉంటే మంచిగుండు మేడం." ఆమె మిగిలిన అక్షింతలు వేసి పక్కకు జరిగారు. అన్నం తినకుండానే వెళ్లిపోయారని పెద్దమ్మ చాలా రోజులు నొచ్చుకుంది.

కర్మలయ్యాక, వాళ్ల అపార్ట్‌మెంట్ కింది హాల్లో సంతాప సభ పెట్టి, ఇష్టమైతే రమ్మని మేడం ప్రశ్నలడిగిన మాకందరికీ చెప్పారు. వెళ్లాను. పూలదండ వేసిన ఫోటో, దాని ముందు స్టూలు మీద ఆమె కళ్లజోడు, పెన్ను. నాకు ఫోన్ చేసిన అమ్మాయే ముందు మాట్లాడింది. తోబుట్టువులను వేరు చేయొద్దని ప్రతి మీటింగులో ఆఫీసర్లతో మేడం ఎంత కొట్లాడారో చెప్పింది. విడదీసిన పిల్లలు జీవితమంతా వెతుకుతూనే ఉంటారని, ఆ వెతుకులాటలోనే చదువు పోతుందని, మనశ్శాంతి పోతుందని మేడం వాదించేవారట. ఇప్పుడు వీలైనంతవరకు ఒకే ఇంటికి ఇస్తున్నారంటే ఆమె చలవేనట. నాకు గర్వంగానే అనిపించింది.

అప్పుడు వెనక వరసలో ఒకామె లేచింది. చంకలో పాప.

"నాకు మాట్లాడుడు రాదు. బేగంబజార్ల గిన్నెల దుకాణమోళ్లు నన్ను సాదిన్రు. మేడం ఏడాదికోపాలి వచ్చేది. ఆఖర్కి నన్నొకటి అడుగుమనేది. నేను ఎప్పుడూ ఒక్కటే అడిగిన, మా అక్క ఏడుందని. అక్క మొఖం నాకు యాదికి లేదు. కండ్లల్ల కారం పడితే ఊదేది, గదొక్కటే యాదికుంది. ఇంక పేరు."

నా పేరు చెప్పింది.

కూర్చున్నచోటు నుంచే అడిగాను. "నువ్వడిగితే మేడం ఏమనేది?"

ఆమె నా వైపు తిరిగింది. "వేరేది అడుగమ్మా అనేది."

ఆ తర్వాత మేమిద్దరం ఎట్లా ఏడ్చామో రాయను. అది మా సొంతం, దాన్ని ఎవరూ రాసుకోనక్కర్లేదు.

మేడం దగ్గర పనిచేసిన అమ్మాయి మమ్మల్ని పక్కకు తీసుకెళ్లి నచ్చజెప్పబోయింది. పరిశోధనకు నియమం ఉంటుందట. ఒకరి సంగతి ఇంకొకరికి చెబితే ఎవరూ నమ్మి నోరు విప్పరట. చెల్లెను సాకినవాళ్లు పాతవాళ్లెవరూ రావద్దని షరతు పెట్టారట. అన్నీ విన్నాను. మేడం మాట తప్పరని నాకంటే ఎవరికి తెలుసు? కానీ మేం పెద్దవాళ్లమయ్యాం, పెళ్లిళ్లయ్యాయి. అప్పుడు ఎవరి షరతు అడ్డం? మూసీ అవతల మా చెల్లె, ఇవతల నేను. నా పెళ్లికి గిన్నెలు కొన్నది ఆ బజారులోనే. మిరపకాయల సంగతి అక్కడా విని, ఇక్కడా విని, రెండుచోట్లా రాసుకొని లేచి వెళ్లిందామె. మా వెతుకులాట ఆమె వాదనకు పనికొచ్చింది. ఎవరి పిల్లలో ఇప్పుడు కలిసి పెరుగుతున్నారు. బాగుండనీ. నాకు మాత్రం మోసపోయినట్టే ఉంది. నేను నమ్మినంతగా ఆమెను ఇంకెవరూ నమ్మి ఉండరు.

జనం వెళ్లిపోయారు. చెల్లె, నేను ఫోటో ముందు నేల మీద కూర్చున్నాం. పాప చెల్లె ఒళ్లో నిద్రపోయింది.

"పెన్నుకు మూత పెట్టే ఉందక్కా" అంది చెల్లె. "మన వంతే. అడుగు."

ఈసారి ఆమె చెప్పినట్టే వేరేది అడిగాను.

"మా రెండిండ్లల్ల చాయ్ ఎట్ల తాగిన్రు మేడం?"

ఫోటోలో ఆమె తల కాస్త పక్కకు వంచి, చాప మీద కూర్చున్నప్పటిలాగే, శ్రద్ధగా వింటున్నారు.