వడగళ్ళ మీద నొక్కిన బటన్

ఆ బటన్ మీద చిన్న కారు బొమ్మ ఉంటుంది. కారు వెనక రెండు వంకర గీతలు, బురదలో జారిన బండి వదిలిన జాడల్లాగ. గేరు రాడ్డుకి ముందు, ఏసీ మీటల కింద ఉండేది. దానికేదో ఇంగ్లీషు పేరుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఇంట్లో పనివాళ్ళం దాన్ని ఇసుక బటన్ అనేవాళ్ళం.

మా ఇల్లంటే నాది కాదు, కువైట్‌లో సబా అల్ సలేం అనే పేటలో నేను వంట చేసే ఇల్లు. పదిహేడేళ్ళయ్యేసరికి మా ఇల్లు అనడం అలవాటైపోయింది.

చలికాలం వస్తే ఈ ఇంటివాళ్ళు ఎడారిలో గుడారాలు వేస్తారు. శుక్రవారం చుట్టాలందరూ అక్కడే. మాంసం కాల్చుకోవడం, టీ కాచుకోవడం అక్కడ జరుగుతాయి. అన్నం మాత్రం నేను ఇంట్లో వండి, రెండు పెద్ద గిన్నెలకి దుప్పట్లు చుట్టి బండిలో తీసుకువెళ్ళాలి. వెనక సీట్లు మడిచి గిన్నెలు పెడతారు కాబట్టి నేను డ్రైవరు పక్కన కూర్చునేదాన్ని.

తారు రోడ్డు దిగి ఇసుకలోకి వెళ్ళాక బండి దిగబడటం మామూలే. అలా దిగబడినప్పుడు ఏం చెయ్యాలో అంతకు ముందున్న డ్రైవరు నాకు నేర్పాడు. బండిలో ఒక యంత్రం ఉందట. చక్రం పట్టు లేక ఊరికే తిరుగుతోందని తెలియగానే అది ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. ఇసుకలో చక్రం తిరగాలి, ఇసుకని తవ్వి వెనక్కి విసరాలి, అప్పుడే బండి పైకి వస్తుంది. అందుకని ఆ బటన్ నొక్కి యంత్రాన్ని ఆపాలి. అతను కిటికీలోంచి తల బయట పెట్టి వెనక చక్రాన్ని చూస్తూ "యల్లా" అనేవాడు, నేను నొక్కేదాన్ని. బండి ఊగి ఊగి పైకి వచ్చేది. ఎన్ని చలికాలాలో. అయిదో తరగతితో బడి మానేసిన దాన్ని, బండి సంగతి నాకూ ఒకటి తెలుసునని లోపల కాస్త గర్వంగా ఉండేది.

అతను ఊరు వెళ్ళిపోయాక, కిందటి చలికాలం ముందు కొత్త డ్రైవరు వచ్చాడు. రాయచోటి మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇద్దరు ఆడపిల్లలు. మొదటి ఆరు నెలలూ పరీక్షే. నచ్చకపోతే పనికి తెచ్చిన ఏజెంటు ఆఫీసుకే తిరిగి అప్పగించెయ్యవచ్చు. అతనికి అప్పటికి నాలుగో నెల.

నేను అతనితో మెత్తగా ఉన్నానని చెప్పను. గదిలో లైటు వదిలేస్తే తిట్టాను. రొట్టె అంచులు పారేస్తే, వాటిని ఏరి మధ్యాహ్నం పులుసులో వేసి అతనికే పెట్టాను. బండి ఆన్‌లో ఉంచి ఏసీ కింద కూర్చుంటే అద్దం మీద కొట్టి దింపాను. "నీలాంటి అత్త దొరికుంటే మా అమ్మ బాగుపడిపోయుండు పెద్దమ్మా" అని నవ్వేవాడు. అతనికి కోపం రాకపోవడం చూసి నాకు కోపం వచ్చేది.

ఆ శుక్రవారం పొద్దున్నే మబ్బు పట్టింది. మేము బయలుదేరి ఊరు దాటేసరికి వాన, తర్వాత ఠపఠపమని వడగళ్ళు. బండి పైకప్పు మీద గులకరాళ్ళు పోసినట్టు మోత. పది నిమిషాలకి ఆగిపోయింది. చూస్తే రోడ్డూ ఇసుకా అంతా తెల్లగా ఉంది. కువైట్‌లో అంత తెలుపు నేనెప్పుడూ చూడలేదు. కొందరు బండ్లు పక్కకి ఆపి, దిగి, పిల్లల చేతుల్లో వడగళ్ళు పోసి ఫొటోలు తీస్తున్నారు.

మేము పెద్ద రోడ్డు మీది వంతెన ఎక్కాలి. ఎక్కుతుంటే బండి ముక్కుతోంది. స్టీరింగు వెనక ఒక పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. అతను కాలు పైకి తీసి, మళ్ళీ మెల్లగా ఆనించి, వేలుతో పిండి అద్దుతున్నట్టు నడుపుతున్నాడు. సగం ఎక్కేసరికి బండి ఆగిపోయింది.

"ఏంటబ్బాయ్, పెళ్ళికూతుర్ని ఊరేగిస్తున్నావా?" అన్నాను.

"జారుతాంది పెద్దమ్మా. కిందంతా ఐసు. ఒక అర్ధగంట ఆగుదాం, ఎండ కొడతాంది, నీళ్ళయి పోతాది."

"అరగంటకి అన్నం గడ్డకడుతుంది. నలభై మంది ఎదురు చూస్తున్నారక్కడ. ఇసుక బటన్ నొక్కవయ్యా."

"అది ఇసుకకు గదా. ఇసుకలో చక్రం తవ్వుకోవాల. ఐసు మీద తిరిగితే ఏముండాది తవ్వనీకి, ఐసు కరిగి ఇంకా నున్నగయితాది. ఆ లైటు కొట్టుకుంటాందంటే లోపల మిషను పని చేస్తాన్నట్టు. అది పట్టుకునుండబట్టే మనం అడ్డం తిరగల్యా."

"నాకు చెప్పొచ్చేడు. పదిహేడేళ్ళ నించి ఈ బళ్ళో కూర్చుంటన్నాను నేను."

"నేను కాశ్మీరం నుంచి యాపిల్ లోడు తెచ్చినోణ్ణి పెద్దమ్మా. మంచులో లారీ నడిపినా."

"లారీ కథలు తర్వాత చెబుదువు గానీ" అని, చెయ్యి చాపి నేనే నొక్కాను.

పసుపు లైటు కొట్టుకోవడం మానేసి నిలకడగా వెలిగింది. అతను నా వైపు చూశాడు. వెనక ఒక వాటర్ ట్యాంకరు హారన్ మోగిస్తోంది. "సరే, కానీ" అంటూ తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి, వడగళ్ళు వెనక్కి చిమ్మి, ఎక్కడో కింద తారు దొరికి బండి ఒక్క ఊపున పైకి వెళ్ళింది.

"చూసేవా? చదువుకున్నోళ్ళకి చెప్పాలి" అన్నాను.

"దాన్ని మళ్ళా ఆన్ చేయాల" అంటూ అతను బటన్ వైపు చెయ్యి పెట్టబోయాడు. అప్పుడే వంతెన మీద మలుపు వచ్చింది. రెండు చేతులూ స్టీరింగు మీదికి పోయాయి. తొక్కిన కాలు ఇంకా పూర్తిగా తియ్యలేదు. ఆ బండికి వెనక చక్రాలే లాగుతాయట. వెనక భాగం మెల్లగా, చాలా మెల్లగా, మమ్మల్ని దాటి ముందుకు వెళ్ళాలన్నట్టు పక్కకి వచ్చింది. అతను స్టీరింగు అటూ ఇటూ తిప్పాడు. బండి మా ఇద్దరి మాటా వినలేదు. సిమెంటు గోడకి వెనక పక్క గట్టిగా కొట్టుకుని ఆగింది.

నా నుదురు అద్దానికి తగిలి బొప్పి కట్టింది. అతనికి ఏమీ కాలేదు. వెనక చక్రం లోపలికి వంగిపోయింది, తలుపు నలిగిపోయింది. అన్నమంతా బండి నేల మీద పడి ఆవిరి కక్కుతోంది. అతను ముందు నా నుదురు చూశాడు. నేను మాత్రం ముందు అన్నమే చూశాను.

గంటకి బాబా వచ్చాడు. ఇంటి యజమానిని మేము బాబా అంటాం. బండి చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి వంగి, ఇంకా వెలుగుతున్న ఆ పసుపు లైటు చూశాడు. "ఇది ఎవరు ఆపారు?" అని అరబ్బీలో అడిగాడు.

నేను తడి గుడ్డ నుదుటికి అద్దుకుంటూ పక్కనే నిలబడ్డాను. నాకు అరబ్బీ బాగా వచ్చు. డ్రైవరుకి అంతంత మాత్రం. ముందు నోరు తెరవవలసిన మనిషిని నేనే.

అతను నా వైపు చూశాడు. తర్వాత "నేనే, బాబా" అన్నాడు.

నేను గుడ్డని ఇంకోవైపుకి మడిచాను.

ఎందుకు మాట్లాడలేదో ఇక్కడ రాయాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. అప్పటికి నా ఇఖామా మరుసటి నెలతో అయిపోబోతోంది. ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఆ కార్డుని ఏడాదికోసారి పొడిగించాలి. నాకు అరవై దాటాయి. మామా, అంటే ఇంటి యజమానురాలు, అప్పటికే రెండుసార్లు అంది, నీ చెయ్యి వణుకుతోంది, ఇంక ఊరెళ్ళి మనవరాళ్ళతో ఉండకూడదా అని. మనవరాలు నర్సింగు మూడో ఏట ఉంది. దాని చదువు నా చేతి మీదే నడుస్తోంది. బండి పాడు చేసిన ముసలిదానికి ఎవరు ఇఖామా వేస్తారు? ఇది కారణమే. కానీ ఆ వంతెన మీద నిలబడ్డప్పుడు నేను మనవరాలి గురించి ఆలోచించలేదు. ముందు భయం వచ్చింది, మనవరాలు తర్వాత వచ్చింది.

బండిని షువైఖ్‌లో గారేజీకి లాక్కెళ్ళారు. మూడు రోజులు డ్రైవరుకి పని లేదు. గేటు పక్క గదిలో కూర్చునేవాడు. నేను పొద్దున, సాయంత్రం టీ తీసుకెళ్ళి ఇచ్చాను. అంతకు ముందు ఎప్పుడూ తీసుకెళ్ళలేదు, అతనే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి తాగేవాడు. చక్కెర కూడా ఎక్కువ వేశాను. కప్పు అందుకుని నా ముఖంలోకి చూసేవాడు, నేను గోడ మీద వేలాడే తాళాలు చూసేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం మామా ఫోనులో ఆఫీసువాళ్ళతో మాట్లాడటం విన్నాను. రేపు పంపేస్తాం, ఇంకొకణ్ణి చూడండి అంటోంది. నా చేతిలో బియ్యం చేట ఉంది. అక్కడే పెట్టేసి హాల్లోకి వెళ్ళాను.

"మామా, బటన్ నొక్కింది నేను. అతను వద్దన్నాడు. ఆగుదామన్నాడు. నేనే వినలేదు."

మామా ఫోను పక్కన పెట్టి నన్ను చూసింది. చూసి చూసి నవ్వింది. "నువ్వా? టీవీ రిమోటు పట్టుకోవడం రాదు నీకు. నీ దేశం వాడని కాపాడుతున్నావు."

"నిజం మామా. ఇసుకలో ఎప్పుడూ నేనే నొక్కుతాను."

"అయితే ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

చేతికంటిన తవుడు కొంగుకి తుడుచుకున్నాను. మామా దాన్నే జవాబుగా తీసుకుంది. "నీది మంచి మనసు. ఖలాస్, వెళ్ళి బియ్యం చూసుకో" అంది. అబద్ధం ఆడాననుకుని నన్ను మెచ్చుకుంది. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు. సాయంత్రం బాబాకీ చెప్పాను. ఆయన చెయ్యి ఊపేశాడు. వంతెన మీద, ఆ లైటు వెలుగుతుండగా చెప్పుంటే నమ్మేవాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు వ్యాను వచ్చింది. నాలుగు చపాతీలు చుట్టి తీసుకెళ్ళాను. "తినేసినా పెద్దమ్మా" అన్నాడు. ఏమీ తినలేదని నాకు తెలుసు, వంటిల్లు నాది.

ఆఫీసువాళ్ళు అతణ్ణి చాలా దూరంలో ఇంకో ఇంట్లో పెట్టారు. అక్కడ బండి ఇవ్వలేదు. యాక్సిడెంటు చేశాడని ముందే చెప్పారట. తోటకి నీళ్ళు పెట్టడం, వాకిట్లో ఉన్న కార్లు కడగడం అతని పని. అతని ఊరి మనిషి ఒకామె ఈ వీధిలోనే పని చేస్తుంది, ఆమె చెప్పింది. ఆమె దగ్గరే నంబరు తీసుకుని ఒక శుక్రవారం ఫోన్ చేశాను.

"అబ్బాయ్, నేను. బాగున్నావా?"

"బాగుండా పెద్దమ్మా. నీ బొప్పి తగ్గిందా?"

"తగ్గింది. నీకొక మాట చెప్పాలి. మామాకి చెప్పేశాను, నొక్కింది నేనని."

"ఎప్పుడు?"

"నువ్వు వెళ్ళే ముందు రోజు."

"ముందు దినమా" అన్నాడు. నీళ్ళ పైపు కట్టేసిన చప్పుడు వినబడింది. "నువ్వు టీ తెస్తాంటివి గదా, మూడు దినాలు. ఈ పూట చెప్పుంటాది, ఈ పూట చెప్పుంటాదని చూస్తాంటి. నేను చెప్తే ముసలామె మీద చాడీ చెప్పినట్లయితాది. నువ్వే చెప్తావనుకుంటి."

"నా ఇఖామా అయిపోవచ్చింది బాబూ, వచ్చే నెలే..."

"నాదీ ఇఖామానే గదా పెద్దమ్మా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తిరిగి తిట్టేదాన్నేమో, నాకు వచ్చిన విద్య అదే. ఎవరో అతణ్ణి గట్టిగా పిలిచారు. "పోవాల, కార్లు తుడవాల" అని ఫోన్ పెట్టేశాడు.

తర్వాత రెండు శుక్రవారాలు చేశాను. మోగింది, ఎత్తలేదు.

ఆ నెల చివర నా ఇఖామా ఇంకో ఏడాదికి పడింది. మామా కార్డు చేతికిస్తూ మబ్రూక్ అని అభినందించింది. షుక్రన్ అని థాంక్స్ చెప్పి తీసుకున్నాను.