తెల్లదీపం మీద సున్నం

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను సహాయ సంచాలకురాలిగా నెల్లూరుకు వేశారు. పాత కట్టడాలను వెతకడం, వాటిని రక్షిత కట్టడాలుగా ప్రకటించడం, ఆ తర్వాత అవి పడిపోకుండా చూడడం మా శాఖ పని. ఈ మూడింటిలో మొదటి రెండూ మాకు బాగా వచ్చు. విభజనలో కట్టడాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి, వాటి దస్త్రాలు మాత్రం హైదరాబాదులో ఉండిపోయాయి. రోగి ఇక్కడ, కేసు షీటు అక్కడ. నాకొక జీపు కూడా ఇచ్చారు. దానికి డ్రైవరు పోస్టు ఖాళీగా ఉండడం వల్ల జీపు ఎప్పుడూ కొత్తగానే ఉండేది, నేను బస్సులో తిరిగేదాన్ని.

చేరిన వారానికే కొత్తగా రక్షించదగ్గ కట్టడాల జాబితా పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉన్నవాటిని చూసుకోలేకపోతున్నామని ఎవరైనా అంటారేమోనని, కొత్తవి చేర్చడం మా శాఖలో పాత అలవాటు. నేను కావలిలో బస్సు దిగి, ఆటోలో బోగోలు దాటి తీరం వైపు వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. అక్కడ మా శాఖ బోర్డు ఇంకా ఉంది, ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నాకు ఫోను చేస్తుంటారు. ఇద్దరి పరువూ కాపాడాలి.

పట్టపువాళ్ళుండే ఆ జాలరి పాలెం చివర, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒక పాత దీపస్తంభం ఉంది. దొరల కాలంలో ఓడలకు దారి చూపడానికి ఇటుకతో కట్టింది. దీపం వెలిగి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. అయినా ఊరంతా దాన్ని తెల్లదీపం అంటారు. నేను చూసిన రోజున అది నిజంగానే కళ్ళు చెదిరే తెల్లగా ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం కదా, ఆ నిషేధం ముగిసే ముందు ఊరివాళ్ళు దానికి గుల్లసున్నం కొట్టి, కింద కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాతే పడవలు దించుతారట. ఈ సంగతి నాకు చెప్పినది పోలయ్య. ఆయన ఆ ఊరి పెద్దకాపు. ఇక్కడ అది కులం పేరు కాదు, పదవి. ఆయనా పెద్దలూ కూర్చుని పెట్టే కట్టుబాటును దురాయి అంటారు. దురాయి పడిన రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగదు. నా సర్వీసు మొత్తంలో మా శాఖ ఉత్తర్వు ఒక్కదానికైనా అందులో పదో వంతు విలువ దక్కి ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పని ఉండేది కాదు.

సున్నం ఎందుకని అడిగాను. సముద్రంలోంచి వచ్చేటప్పుడు తెల్లదీపం, దాని వెనకున్న తాటితోపు ఒకే వరసలోకి రావాలి, అప్పుడు పడవ తిప్పితే ఇసుక మేటలు తగలకుండా మొగలోకి రావచ్చని పోలయ్య చెప్పాడు. ఇప్పుడు ఫోన్లలోనే దారి కనిపిస్తుంది కదా అన్నాను. "ఫోను తడిస్తే చచ్చిపోతాది మేడమా. ఇది తడిసినా కనపడతాది," అన్నాడు. నేను ఆ మాటను నోటు పుస్తకంలో ‘స్థానిక విశ్వాసాలు’ అనే శీర్షిక కింద రాసుకున్నాను.

ఒక కట్టడాన్ని రక్షితం చేయడానికి పద్ధతి ఉంది. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తాం. అభ్యంతరాలున్నవాళ్ళు రెండు నెలల్లో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. ఆ తర్వాత తుది నోటిఫికేషన్, నీలం బోర్డు. నోటీసు ప్రతిని కట్టడం మీద అంటించాలని నియమం. అంటించాం. ఉప్పుగాలికి మూడో రోజున ఎగిరిపోయింది. ఇంకో ప్రతి మండలం ఆఫీసు బోర్డు మీద, పాత టెండరు ప్రకటన కింద భద్రంగా ఉంది. అభ్యంతరాలేవీ రాలేదు. ప్రజలు హర్షించారని ఫైలులో రాశాను.

జాబితాలో తెల్లదీపం పేరు ‘సముద్రతీర ఇటుక స్తంభాకృతి నిర్మాణం’ అయింది. సంక్రాంతి దాటాక పరిరక్షణ పనులు మొదలయ్యాయి. మా ఇంజనీరు తయారుచేసిన అంచనాలో మొదటి పని ‘తరువాతి కాలపు పూతల తొలగింపు’. అంటే సున్నం గీకేసి, అసలు ఇటుకను బయటపెట్టడం. రెండో పని, ఇటుకల సందుల్లో సిమెంటు పూయడం. కింద సంతకం నాది. ఇంజనీరు రాశాడు, కాంట్రాక్టరు గీకాడు, పైవాళ్ళు ఆమోదించారు, కానీ ఆ సంతకం నాదే.

గీకడం మొదలైన రోజున కావలి నుంచి మస్తాన్ వచ్చాడు. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచి గుల్లలు కాల్చి సున్నం చేస్తారు. ప్రతి ఏడూ తెల్లదీపానికి సున్నం ఆయన బట్టీ నుంచే వస్తుంది. రాలిన పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకుని, అడ్డంగా విరిచి నాకు చూపించాడు. పొర మీద పొర, పొర మీద పొర. లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను.

"అమ్మా, ఇది మురికి గాదు. ఉప్పు ముందు దీన్ని తింటాది. ఇది లేకుంటే ఇటుకను తింటాది," అన్నాడు.

నేను ఆయనకు కట్టడాల మౌలికత గురించి వివరించాను. ఆ పది నిమిషాల్లో ‘మౌలికత’ అన్న మాట నాలుగుసార్లు వాడినట్టు గుర్తు. ఆయన అంతా విని, "సరేనమ్మా, సదువుకున్నోళ్ళు మీకు తెలీందా," అని వెళ్ళిపోయాడు. మన వైపు ఎవరైనా ఆ మాట అన్నారంటే ఇక మనతో మాట్లాడి లాభం లేదని అర్థం. నేను వాదనలో గెలిచాననుకున్నాను.

మార్చికల్లా ఎర్రటి ఇటుక స్తంభం సిద్ధమైంది. చుట్టూ ముళ్ళకంచె వేసి, ముట్టుకున్నా, రాసినా, పూసినా, చెక్కినా జైలు శిక్ష తప్పదని బోర్డు పెట్టాం. జూన్‌లో పోలయ్య నెల్లూరు ఆఫీసుకే వచ్చి, సున్నం కొట్టే వేళయిందని చెప్పాడు. కుదరదని కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "అట్నే," అన్నాడు. ఆ సాయంత్రమే ఊళ్ళో దురాయి పెట్టారు. తెల్లదీపాన్ని ఎవరూ తాకరాదు, కంచె దాటరాదు. కొబ్బరికాయ కూడా కంచె బయటే కొట్టారట. చట్టాన్ని అంత తూచా తప్పకుండా పాటించిన ఊరిని నేను మరెక్కడా చూడలేదు.

దాని ఫలితం వానాకాలం తర్వాత తెలిసింది. తనిఖీకి వెళితే స్తంభం సందుల్లో రావి మొలకలు మూరెడేసి పెరిగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ సున్నం కొట్టేటప్పుడే ఊరివాళ్ళు మొలకలు పీకేసేవారన్న సంగతి మా అంచనాలో ఎక్కడా లేదు. కాస్త పీకించమని పోలయ్యను అడిగాను. ఆయన బోర్డు వైపు చూపించి, "తాకితే జైలని మీరే రాసినారు గదా మేడమా," అన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

మొలకలకన్నా ఘోరం సముద్రం వైపు ముఖం. ఇటుక పైపొరలు పెచ్చులుగా రాలి కింద ఎర్రటి పొడి కుప్పపడింది. ఉప్పుగాలిలోని తేమ ఇటుకలోకి దిగుతుంది. ఎండకు ఆరేటప్పుడు లోపలి ఉప్పు గట్టిపడి ఇటుకను చీలుస్తుంది. సున్నం మెత్తనిది, తేమను బయటికి పోనిచ్చి ఏటా తానే కొంత రాలిపోతుంది. సిమెంటు పోనివ్వదు. మా శాఖలో చేరిన కొత్తలో ఇదంతా చదివి పరీక్ష కూడా రాశాను, మంచి మార్కులే వచ్చాయి. రెండు వందల ఏళ్ళు ఉప్పు చేయలేని పనిని మేము పది నెలల్లో చేయించాం. కంచే చేను మేయడం అంటే ఏమిటో ఆ రోజు కంచె లోపల నిలబడి చూశాను.

తనిఖీ జరిగిన ఆ పొగమంచు నెలలోనే అంకయ్య పడవ మేటకు కొట్టుకుంది. అంకయ్య పోలయ్య తమ్ముడు. తెల్లవారి పొద్దెక్కాక వేట నుంచి తిరిగి వస్తున్నారు. ఫోను తడిసి ఆగిపోయింది. తెల్లగా కనపడవలసినది మంచులో, తాటి మొదళ్ళ రంగులో కలిసిపోయింది. పడవ తిరగబడింది. నలుగురూ బయటపడ్డారు గానీ, పడవ అంచు పడి అంకయ్య కాలు మోకాలి కింద నుజ్జయింది. నేను కావలి ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు, నీళ్ళు ఇప్పించాడు. నాకు చాలా సిగ్గేసింది. ఈ ఒక్క వాక్యం మాత్రం వెటకారం లేకుండా రాస్తున్నాను.

మర్నాడే సున్నం కొట్టడానికి అనుమతి కోరుతూ రాశాను. సున్నం కట్టడం రూపాన్ని మారుస్తుంది గనక వీలుకాదని, పైగా ఇదివరకు తొలగింపును సిఫారసు చేసినది తమరే కదా అని జవాబు వచ్చింది. న్యాయమైన మాటే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారిని నేనే. రెండు నెలలు ఆలోచించి అదే ఉత్తరాన్ని వేరే శీర్షికతో పంపాను: ‘ఉప్పుగాలి ప్రాంతంలో త్యాగపు పూత – నమూనా ప్రయోగం’. గోడకు బదులు తాను అరిగిపోయే పూతను మా పరిభాషలో త్యాగపు పూత అంటారు. ‘సున్నం’ అన్న మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాను. ‘సముద్రజన్య కాల్షియం మిశ్రమం’ అని రాశాను. రెండు వారాల్లో అనుమతి వచ్చింది, నిపుణుల పర్యవేక్షణలో జరగాలన్న షరతుతో. నిపుణుల పేర్ల దగ్గర పోలయ్య, మస్తాన్ అని రాసి, అనుభవం అన్న చోట ‘తరతరాలుగా’ అని నింపాను.

అనుమతి కాగితం పట్టుకుని ఊరికి వెళితే పోలయ్య దాన్ని చదవలేదు. "మీ కాయితం సరే, ఊర్లో దురాయి ఉండాది గదా," అన్నాడు. దురాయిని పెద్దకాపు ఒక్కడే తీసేయలేడట. పెద్దలంతా వలల షెడ్డు దగ్గర కూర్చున్నారు. దురాయికి కారణమైనవాళ్ళు ఊరి ముందు తప్పు ఒప్పుకుని, ఆగిపోయిన పనిని తమ చేత్తో మొదలుపెట్టాలి. అది వాళ్ళ పద్ధతి. అంకయ్య కాలికి కట్టుతో ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు.

నేను నిలబడి, గీకమన్నది నేనే, వద్దని రాసిచ్చింది నేనే, రెండూ తప్పే అని చెప్పాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత చిన్న నివేదిక నేను ఎప్పుడూ ఇవ్వలేదు. మస్తాన్ కరక్కాయ నీళ్ళు కలిపిన సున్నం బకెట్ ముందుకు జరిపి, నార కుంచె నా చేతికిచ్చాడు. కంచె తలుపు తాళం తీసి, పూసినా చెక్కినా జైలు తప్పదన్న బోర్డు పక్క నుంచి లోపలికి వెళ్ళి, మొదటి కుంచె నేనే వేశాను. ఎక్కువ ముంచుకున్నందువల్ల సగం నా చీర మీదే పడింది. "మేడమా, దీపానికి గూడా రవ్వంత ఉంచండి," అన్నాడు అంకయ్య. అప్పుడు ఊరు నవ్వింది. మధ్యాహ్నానికల్లా మగవాళ్ళు తాళ్ళతో ఎక్కి మొలకలు పీకేసి, సిమెంటు చెక్కేసి, మొత్తం తెల్లగా చేసేశారు. నాతో వచ్చిన మా సాంకేతిక సహాయకుడు మాత్రం నన్ను బోర్డుతో కలిపి ఫోటో తీయకుండా చాలా జాగ్రత్తపడ్డాడు.

రెండేళ్ళ తర్వాత ఆ ప్రయోగం విజయవంతమైందని పైనుంచి ప్రశంసా పత్రం వచ్చింది. ఈ నూతన విధానాన్ని తీరమంతటా అమలు చేయడానికి, దాన్ని రూపొందించినవారి వివరాలు పంపమన్నారు. ఇద్దరి పేర్లూ పంపాను. వ్యక్తుల పేర్లు అక్కర్లేదని, శాఖ పేరు చాలని తిప్పి పంపారు.

తెల్లదీపం ఇప్పటికీ నిలబడే ఉంది. సముద్రం వైపు మేము పోగొట్టిన ఇటుక జానెడు లోతు లోపలికి పోయింది, ఎంత సున్నం కొట్టినా ఆ గుంట కనపడుతుంది. అంకయ్య మళ్ళీ వేటకు పోలేదు. ఒడ్డున వలలు బాగుచేస్తాడు. ఏటా సున్నం కొట్టే రోజున నాకు ఫోను చేసి, ఈసారి చీర మీద పోసుకోకుండా కొట్టేవాళ్ళు దొరికినారని చెబుతాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక ప్రశ్న. ఆ తర్వాత ఏ పాత కట్టడం దగ్గరికి వెళ్ళినా, కట్టించినవాళ్ళ సంగతి పుస్తకాల్లో చూసుకోవచ్చని పక్కన పెట్టి, నిరుడు దీని బాగోగులు చూసింది ఎవరని ముందు అడిగేదాన్ని. దాదాపు ప్రతిచోటా ఎవరో ఒకరు ఉండేవారు. వాళ్ళ పేరు రాయడానికి మా తనిఖీ ఫారంలో గడి లేదు. నేను మార్జిన్‌లో రాసేదాన్ని.