మీ అమ్మ ఫ్యాను ఎందుకు ఆపదంటే

ఆ రోజుల్లో ఏ నెలలో పిల్లలు ఏం చెయ్యాలో చెప్పడానికి ఫోన్లు లేవు, ఇరుగుపొరుగు వాడకట్టు ఉండేది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. పిల్ల ఎంత ఎదిగిందో మా పొయ్యి మీద నుంచి వచ్చే వాసనను బట్టి పక్కింటివాళ్లు చెప్పేసేవారు. నిన్న మీరిద్దరూ పుణె నుంచి ఫోన్ చేసి, అమ్మ చలికాలంలో కూడా ఫ్యాను వేసుకునే పడుకుంటుంది, మేం రెండేసి దుప్పట్లు కప్పుకోవలసి వస్తోంది అని ఫిర్యాదు చేశారు కదా. దానికి జవాబు నా దగ్గరుంది. కాస్త పొడుగు జవాబు, ఓపిగ్గా చదవండి.

అప్పుడు మేం ఆర్మూరు పక్కన పెర్కిట్‌లో ఉండేవాళ్లం. మీ తాత కొత్తగా పసుపు డ్రమ్ము కొన్నాడు. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను ఆ ఇనుప డ్రమ్ములో పోసి ట్రాక్టరుతో గిరగిరా తిప్పితే, పొట్టు రాలిపోయి కొమ్ములు మెరుస్తాయి. చుట్టుపక్కల పసుపంతా మా వాకిట్లోకే వచ్చేది. పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా ఆ చప్పుడే. గిన్నెలు అల్మారాలో వాటంతటవే జరిగేవి. ఆ హోరులో ఇంటిల్లిపాదీ అరుచుకుంటూనే మాట్లాడేవారు, నేను తప్ప. నాది పుట్టుకతోనే పిల్లిగొంతు. "నీ నోట్ల మాట నీ చెవికన్నా ఇనవడ్తదానే పిల్లా?" అనేది మా అత్తమ్మ. (ఆమె గొంతు ఆర్మూరు మార్కెట్ దాకా వినపడేదని మీ తాత అనేవాడు, ఆమె ఇంట్లో లేనప్పుడు.)

మీ అమ్మను అందరం చిట్టి అనేవాళ్లం. పదకొండో నెలకు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేది, రెండు వేళ్లతో పసుపు కొమ్మును ఏరి నోట్లో పెట్టుకునేది, మేం టాటా ఊపితే తానూ చేతులూపేది. ఒళ్లంతా పసుపు దుమ్ముతో ఎప్పుడూ పెళ్లికూతురిలా ఉండేది. అంగన్‌వాడీ మేడం పిల్లల ఎదుగుదల కార్డు పట్టుకుని వచ్చినప్పుడు నేను గర్వంగా ముందు కూర్చున్నాను. ఆమె ఒక్కొక్కటీ అడిగి టిక్కు పెడుతూ వచ్చింది. ఆఖరున పిల్ల వెనక నిలబడి, డ్రమ్ము హోరును మించి గట్టిగా "చిట్టీ" అని పిలిచింది. పిల్ల తిరగలేదు. చప్పట్లు కొట్టింది. తిరగలేదు. మూత తెచ్చి గరిటెతో వాయించింది. పిల్ల తన పసుపు కొమ్మును తాను చీకుతూనే ఉంది. మేడం పెన్ను ఆగిపోయింది. "ఒకపారి డాక్టర్‌కు సూపెట్టున్రి" అని మాత్రం అని వెళ్లిపోయింది.

ఆ వారం మా ఇంట్లో అందరూ పిల్లకు పరీక్షలు పెట్టారు, ఒకరికి తెలియకుండా ఒకరు. అత్తమ్మ పిల్ల వెనక ఇత్తడి బిందె కింద పడేసి, జారిందని నాతో చెప్పింది. మీ తాత ట్రాక్టరు హారను కొట్టాడు. ఎదురింటి మేకలు తాళ్లు తెంపుకున్నాయి, మీ అమ్మ మాత్రం కళ్లు కూడా ఆర్పలేదు. నేనేం తక్కువ తినలేదు. జన్మలో మొదటిసారి గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాను. పాలిచ్చేటప్పుడు నేనేదో గొణిగితే నవ్వేది కదా అని ఒక ఆశ ఉండేది, కానీ పిల్ల నా మొహం చూసి నవ్వుతోందేమోనని నేనే ఆ ఆశను చంపుకున్నాను. పుట్టినరోజుకు ఇంకా పది రోజులు. ఆ రోజే పుట్టువెంట్రుకలు తీయించి, మేనమామ ఒళ్లో చెవులు కుట్టించాలని అనుకున్నాం. అన్నయ్య చెవిపోగులు కూడా చేయించి పంపాడు. ఆ చిన్న డబ్బా తెరిచి చూసినప్పుడల్లా, వినపడని చెవులకు ఇవెందుకు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేదాన్ని.

చివరికి నేను, మీ తాత, అత్తమ్మ పిల్లను తీసుకుని ఆర్మూరులో డాక్టర్ దగ్గరకు పోయాం. ఎండలు ముదిరాయి. ఆయన గదిలో పాత కూలరు ఒకటి దడదడలాడుతోంది. ఆయన పిల్ల వెనక్కి పోయి గంట వాయించాడు. లేదు. ఇంకాస్త దగ్గరగా వాయించాడు. లేదు. నిజామాబాద్‌కు చీటీ రాస్తాను, అక్కడ మిషను మీద చూస్తారు అంటూ కాగితం తీశాడు. అత్తమ్మ మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే కరెంటు పోయింది.

కూలరు ఆగింది. మీ అమ్మ ఉలిక్కిపడి, కూలరు వైపు తిరిగి, పెదవి విరిచి గుక్కపెట్టి ఏడ్చింది. డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. పిల్లనే చూస్తూ, "ఇంటికాడ ఏం పనమ్మా మీది?" అన్నాడు.

"పసుపు డ్రమ్ము నడుపుతం సార్." మీ తాత అలవాటు కొద్దీ అరిచాడు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు తలుపులోంచి తొంగి చూశారు.

"జర మెల్లగ చెప్పు, నాకైతే ఇనవడ్తది." డాక్టర్ నవ్వలేదు. "డ్రమ్ము ఆగినప్పుడు పొల్ల ఏం జేస్తది?"

నేను ఆలోచించాను. మధ్యాహ్నం అన్నాలకు డ్రమ్ము ఆపగానే రోజూ లేచి ఏడ్చేది. ఆకలనుకుని పాలిచ్చేదాన్ని.

"పుట్టినకాంచి డ్రమ్ము హోరుల పెరిగింది, చప్పుడంటే ఈమెకు లెక్కనే లేదు," అన్నాడాయన. "నువ్వు ఎనుకకు వోయి పిలువమ్మా. అరవకు, నీ గొంతుతోనే."

పిల్లను మీ తాతకిచ్చి తలుపు దగ్గరకు పోయాను. వారం రోజులు అరిచిన గొంతు, పైగా ఏడుపు అడ్డుపడింది. గాలి తప్ప మాట రాలేదు. "చిట్టీ..." అన్నాను. (పక్కనే ఉన్న అత్తమ్మకు వినపడలేదట, తర్వాత ఒప్పుకుంది.) మీ అమ్మ ఏడుపు ఆపింది. మెడ తిప్పింది. తాత భుజం మీది నుంచి నన్ను వెతికి పట్టుకుని, ఉన్న రెండు పళ్లూ చూపించి నవ్వింది.

అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "నీ మాట ఇన్నదంటే, ఇవి పాము చెవులే పిల్లా," అంది.

చెవులు అనుకున్న రోజే కుట్టించాం. చుట్టాలు వస్తారని ఆ వేళ డ్రమ్ము ఆపేశారు. సూది నొప్పి కాసేపట్లోనే మరిచిపోయింది గాని, మీ అమ్మకు ఎంతకీ నిద్ర పట్టలేదు. చివరికి మీ తాత వంద మంది చుట్టాల మధ్య, లోపల ఒక్క కొమ్ము కూడా లేకుండా ఖాళీ డ్రమ్ము తిప్పాడు. పిల్ల పడుకుంది. చుట్టాలు అరుచుకుంటూ భోజనాలు చేశారు.

ఇదీ మీ ఫ్యాను సంగతి. ఆమెను తిట్టకండి, ఇంకో దుప్పటి నేను పంపిస్తాను. ఇంకొకటి, మీరు గమనించారో లేదో. నేను ఫోన్ చేస్తే మీరిద్దరూ "అమ్మమ్మా, గట్టిగా మాట్లాడు" అంటారు. నేను గొంతు పెంచబోతాను. అంతలో మీ అమ్మ ఫోన్ తీసుకుంటుంది, టక్కుమని స్విచ్చు చప్పుడవుతుంది, మీ ఇంటి ఫ్యాను ఆగిపోతుంది. "మెల్లగనే చెప్పమ్మా, నాకు ఇనవడ్తది" అంటుంది. వారం రోజులు గొంతు చించుకున్న ఆ పిచ్చిపిల్ల, అంటే ఆనాటి నేను, అప్పుడు నాకు గుర్తొస్తుంది. దాన్ని చూసి నవ్వుకుంటూ, నా పిల్లిగొంతుతోనే కబుర్లు మొదలుపెడతాను.